కార్డులో నలుగురు, ఇంట్లో మామ్మగారు ఒక్కరే: వరద రాకముందు జాగ్రత్తలు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కూలిన చెట్లూ స్తంభాలూ మర్నాడు లెక్కపెట్టుకోవచ్చు. ఏ ఇంట్లో ఎవరున్నారన్న లెక్క మాత్రం ముందే తేలాలి. గోదావరి వరదైతే అక్టోబరు దాకా కూడా ఆగదు. 2022లో ఆగస్టు దాకా ఆగకుండా జూలై నడిమికే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అందుకే పంచాయతీలూ, మున్సిపాలిటీల వార్డు సచివాలయాలూ ఈ పని జూన్‌లోనే ముగించాలి. టార్చిలైట్లు, క్లోరిన్ బిళ్లలు, ఇసుక బస్తాల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

కొంప ముంచే తప్పు ఒక్కటుంది. రేషన్ కార్డు చూసి ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టడం.

1986 వరదనాటికి గోదావరి మధ్యనుండే లంక ఊళ్లలో ఇంటికి ఇద్దరు ముగ్గురు చేతికందొచ్చిన కొడుకులుండేవారు. మంచాన ఉన్న తాతని మంచంతో సహా ఎత్తి ఏటిగట్టు ఎక్కించేవారు. ఇప్పుడా వయసువాళ్లు హైదరాబాదులో, గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నారు. పిల్లలూ తగ్గారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనని 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఎత్తేసిందంటే అర్థం చేసుకోండి. కార్డులో మాత్రం ఇంకా నలుగురే. "ఆ ఇంట్లో మగాళ్లున్నారు, వాళ్లే తెచ్చుకుంటారు" అనుకుని పడవ ముందుకెళ్లిపోతుంది. ఇంట్లో ఉన్నది మోకాళ్లు అరిగిపోయిన మామ్మగారు.

ఇదే తప్పు రెండోవైపూ కొడుతుంది. రొయ్యల చెరువుగట్ల మీద షెడ్లలో పడుకునే ఒడిశా, బెంగాల్ కూలీల పేర్లు మన ఊరి కార్డుల్లో ఎక్కడా ఉండవు. చెరువు ఆసామి ఊళ్లో మేడ మీద ఉంటాడు, కాపలా కుర్రాడు గట్టు మీద ఉంటాడు.

లెక్క ఎలా రాయాలి

రాత్రి ఏడు దాటాక ఇల్లిల్లూ తిరగండి. పగలైతే పనిమనిషీ, పక్కింటివాళ్లూ కనిపించి ఇల్లు నిండుగా ఉన్నట్టనిపిస్తుంది. "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడక్కండి. మామ్మగారు అమెరికాలో ఉన్న మనవడిని కూడా కలిపే చెబుతారు. "నిన్న రాత్రి ఇక్కడ ఎవరెవరు పడుకున్నారండీ?" అని అడగండి. కాగితం మీద నాలుగు గళ్లు చాలు: ఎవరు పడుకున్నారు, నడవగలరా, ఏ మందు ఆగకూడదు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది. ఒకటో తారీఖు సామాజిక పింఛను ఇవ్వడానికి ఎలాగూ వెళ్తారు కాబట్టి జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ రోజే మళ్లీ సరిచూడండి. అలాగని పింఛను జాబితానే లెక్క అనుకోవద్దు. పింఛనుకి అర్హత లేని రిటైరైన మేష్టార్లూ, ఆదాయపు పన్ను కట్టే ఇళ్ల పెద్దవాళ్లూ పెద్ద పెద్ద డాబాల్లో ఒంటరిగా ఉంటారు. వాళ్లు ఏ జాబితాకీ అందరు.

కొడుకు నంబరు రాసుకుని పనైపోయిందనుకోవడం కూడా కార్డు చూసి లెక్కపెట్టడం లాంటిదే. హైదరాబాదులో ఉన్నవాడు వచ్చి తలుపు తియ్యలేడు. కరెంటు పోయిన కొన్ని గంటలకి టవరూ పడుకుంటుంది. మూడిళ్ల అవతల ఉన్న మనిషి పేరు కావాలి, ఆ మనిషి ఊళ్లోనే పడుకుంటున్నాడో లేదో కనుక్కుని మరీ.

ఎప్పుడు కదపాలి

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నడవలేనివాళ్లని మొదటిదానికే గట్టు దాటించండి. కాజ్‌వే మునిగిందంటే ఆటో రాదు, ఇక పడవే గతి. పడవలోకి ఎత్తడానికి నలుగురు కావాలి, ఆ నలుగురి పేర్లూ రాత్రి లెక్కలోంచే తియ్యాలి. చేతులున్న చెక్క కుర్చీలో కూర్చోబెట్టి నడుము దగ్గర తువ్వాలుతో కట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, బురదలో దాని కాలు విరుగుతుంది.

శిబిరంలో తిండి గురించి అందరూ ఆలోచిస్తారు, మరుగుదొడ్డి గురించి ఎవరూ ఆలోచించరు. అది దూరంగానో చీకట్లోనో ఉంటే పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. రెండోరోజుకి నాలిక పిడచకట్టి, మాట తడబడి, ఆస్పత్రికి ఎత్తుకెళ్లాల్సి వస్తుంది. కమోడ్ కుర్చీ పక్కగదిలోనే పెట్టండి. రాత్రంతా దీపం ఉండాలి.

ఇన్సులిన్ నేరుగా ఐసులో పెట్టొద్దు, గడ్డకడితే పారెయ్యాల్సిందే. తడిగుడ్డ చుట్టిన కుండలో ఉంచండి. బీపీ మాత్రలు పదిహేను రోజులవి ముందే ఇప్పించండి. డయాలసిస్ వాళ్లని హెచ్చరిక రాకముందే ఆస్పత్రి ఉన్న ఊరికి చేర్చండి. ఆక్సిజన్ మిషను ఉన్న ఇంటికి సిలిండరు. కళ్లజోడు, పళ్లసెట్టు, చెవిమిషను ఒకే సంచిలో. గేదెని ఎక్కడ కడతారో ముందు చూపించండి, లేకపోతే ముసలాయన కదలడు. ఇంటి తాళంచెవి మామ్మగారి కొంగునే ఉండనివ్వండి. "నేను రాను బాబూ" అన్నారని సంతకం పెట్టించుకుని వచ్చెయ్యొద్దు. మళ్లీ వెళ్లండి. ఆవిడ మాట వినే మనిషిని వెంటబెట్టుకెళ్లండి. పడవ దిగాక తలలు లెక్కపెట్టండి. కార్డు పట్టుకుని కాదు, రాత్రి రాసిన కాగితం పట్టుకుని. ఆ కాగితంలో పేరుండి గట్టు మీద మనిషి లేకపోతే పడవని వెనక్కి తిప్పండి. తాళం వేసిన ఇల్లని వదిలెయ్యొద్దు, తలుపు బాదండి, కిటికీలోంచి చూడండి. పనిమనిషి సాయంత్రం బయట తాళం పెట్టి వెళ్తుంది. లోపల మంచం మీద మనిషి ఉంటారు.