బురుజు మీది తేనెరంగు ఫొటోలోకి రావాలంటే

సాయంత్రం ఎండ పడితే మా కర్నూలు కొండారెడ్డి బురుజు రాయి తేనెరంగుకు తిరుగుతుంది. కళ్లకు కనిపించే ఆ రంగు నా ఫోన్‌లో మాత్రం వచ్చేది కాదు. పాలిపోయిన బూడిదరంగు గోడ, అంతే. మూడు సాయంత్రాలు వృథా. టీ బండి ఆయన "ఏందన్నా, దినామూ అదే బురుజేనా?" అని నవ్వాడు కూడా.

లెన్సు మీద అనుమానంతో తుడిచిందే తుడిచాను. చివరికి తేలిందేమంటే, తప్పు ఆటో వైట్ బ్యాలెన్స్‌ది, అంటే ఫొటోలో రంగులను ఫోనే సొంతంగా సరిచేసే సెట్టింగ్‌ది. వెలుగులో పసుపు, ఎరుపు ఎక్కువైతే అది లోపమనుకుని నీలం వైపు లాగి సరిచేస్తుంది. మనం ఏ రంగు కోసం వెళ్లామో దాన్నే చెరిపేస్తుందన్నమాట! కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) దగ్గర ఆపాను. రంగు తిరిగొచ్చింది. 6500 పెడితే మాత్రం పసుపు నీళ్లు పోసినట్టుంది, నాకు నచ్చలేదు.

ఎండ తగిలే అంచులు తెల్లబడిపోవడం ఇంకో తలనొప్పి. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో వెలుతురును, మైనస్ 0.7కి దించితే అదీ తగ్గింది. నిలబడే చోటు కూడా మార్చాను. ఎండ సరిగ్గా మన వీపు మీద ఉంటే గోడ చదునుగా వస్తుంది. పక్కవాటుగా పడేలా కాస్త జరిగితే ప్రతి రాయి కిందా సన్నని నీడ పడి గరుకుదనం తెలుస్తుంది.

డిసెంబరులో ఇక్కడ 5.50కల్లా పొద్దు గుంకుతుంది కాబట్టి 5 గంటలకే అక్కడుంటాను. కరెంటు తీగలు అడ్డురాని చోటు ముందే చూసుకోండి. నా ఫొటోలన్నిటిలోకీ మంచిదానిలో ఒక తీగ ఇప్పటికీ అడ్డంగానే ఉంది.