సంధ్యదీపం: దూది ఏకడం దగ్గర నుంచి దీపం కొండెక్కేదాకా

పాత పద్ధతులకు మళ్లాలనుకున్నవాళ్లు చాలామంది ఒకేసారి ఇల్లంతా మార్చబోతారు. మట్టికుండలు కొంటారు, ఇత్తడి సామాను దించుతారు, నెల తిరక్కుండానే అవన్నీ మళ్లీ అటకెక్కుతాయి. అంతకన్నా ఒక్క పని పట్టుకోండి. సంధ్యవేళ దీపం పెట్టడం, ఆ దీపానికి వత్తులు మీ చేత్తో మీరే చేసుకోవడం. వత్తులకు వారానికి అరగంట, దీపానికి రోజూ అరగంట. కొన్న వత్తితోనూ దీపం వెలుగుతుంది, కాదనం. కానీ దూది ఏకే చేతులు తొందరపడలేవు, తొందరపడితే వత్తి పాడవుతుంది. మనసు కుదుటపడడం దీపం ముందు కాదు, దూది దగ్గరే మొదలవుతుంది.

పెరట్లో పత్తి చెట్టుంటే అంతకన్నా ఏం కావాలి. కాయ బాగా పగిలాక, మంచు ఆరిపోయాక కోయాలి. తడి దూది గింజను వదలదు. చెట్టు లేకపోతే పత్తి పండించే రైతును అడిగి దోసెడు తెచ్చుకోవచ్చు. మందుల షాపులో దొరికే దూది చుట్టా పనికొస్తుంది, కాకపోతే అందులో పోగులు తరచూ పొట్టిగా ఉంటాయి కాబట్టి మెలి కాస్త ఎక్కువ పెట్టాలి. బూరుగు దూది మాత్రం వద్దు. నున్నగా జారిపోతుంది, మెలి నిలవదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొన్న దూది మీద అనుమానం ఉంటే చిటికెడు కాల్చి చూడండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. గింజ తీసిన దూది 10 గ్రాములుంటే సుమారు 60 వత్తులు వస్తాయి, రోజుకు రెండు చొప్పున నెలకు సరిపోతుంది.

గింజ తీసేటప్పుడు దూదిని గుంజకండి. గింజను ఎడమచేతి వేళ్లతో గట్టిగా పట్టుకుని, దాని చుట్టూ ఉన్న పోగులను కుడిచేత్తో కొద్దికొద్దిగా విడదీయాలి. తర్వాత ఏకడం. వేళ్ల కొసలతో దూదిని పల్చగా, కింద అరచేతి గీతలు కనిపించేంత పల్చగా విప్పాలి. ఉండలు, ఆకు తునకలు, గింజ పొట్టు ఏరేయాలి. తర్వాత దీపాన్ని ఏడిపించేవి ఈ ఉండలే. ఉండ ఉన్నచోట నూనె సరిగా పైకి పాకదు, మంట అక్కడిదాకా వచ్చేసరికి దీపం చిన్నబోతుంది. కత్తెర వాడకండి. కోస్తే పోగు పొట్టిదై, చేస్తుండగానే వత్తి విడిపోతుంది.

ఏకిన దూదిని 10 సెంటీమీటర్ల పొడవు, వేలెడు వెడల్పు పట్టీలుగా తీసుకోండి. వేళ్లకు కొంచెం విభూతి రాసుకుంటే దూది జారదు. కొందరు పాలు తడి చేసుకుంటారు. అదీ మంచిదే గానీ ఆ వత్తులను కనీసం ఒక రోజు ఆరబెట్టాలి. పట్టీని ఎడమ అరచేతిలో పెట్టి కుడి అరచేత్తో ఒకే దిక్కుకు దొర్లించండి. ముందుకూ వెనక్కూ దొర్లిస్తే పెట్టిన మెలి పెట్టినట్టే విప్పుకుపోతుంది. పూర్తయిన వత్తి 3 మిల్లీమీటర్ల లావు ఉండాలి. మెలి ఎంత ఉండాలన్నది చేతికి అలవాటు కావలసిన విషయం. గట్టిగా బిగిస్తే పోగుల మధ్య సందు లేక నూనె ఎక్కదు, వదులైతే మంట లావై మసి పడుతుంది. కొస నూనెలో ముంచి పట్టుకుంటే నూనె పైకి పాకడం కంటికి కనిపించాలి. మొదటి ఇరవై వత్తులు వంకరగానే వస్తాయి, వాటినీ వెలిగించండి. ఏది ఎందుకు సరిగా కాలలేదో అవే చెబుతాయి.

ఒంటి వత్తి వెలిగించకూడదని, రెండు కలిపి ఒకటిగా వేయాలని మన ఇళ్లలో ఆచారం. ఇందులో సౌకర్యం కూడా ఉంది. రెండు వత్తుల మధ్య సందులోంచి నూనె ధారాళంగా ఎక్కుతుంది.

నూనె విషయంలో గానుగ నువ్వుల నూనె తేలిక. ఆముదం చిక్కన, నెమ్మదిగా ఎక్కుతుంది. దానికి వత్తి కాస్త లావుగా, వదులుగా ఉండాలి, లేదా మూడు వంతుల నువ్వుల నూనెలో ఒక వంతు కలపాలి. కొబ్బరినూనె, నెయ్యి చలికాలం గడ్డకడతాయి, కరిగించి పోయాలి. ‘దీపారాధన నూనె’ అని అమ్మేవాటిలో చాలావరకు రకరకాల నూనెల మిశ్రమాలే, తినడానికి పనికిరాదని సీసా మీదే ఉంటుంది.

కుందికి పట్టిన పాత నూనె జిడ్డును ముందు వేడి కుంకుడు రసంతో వదిలించాలి, ఆ తర్వాతే చింతపండు, ఉప్పు. ముందే చింతపండు రుద్దితే పులుపు జిడ్డు కిందున్న ఇత్తడిని తాకదు, ఎంత తోమినా మెరవదు. చింతపండు పూర్తిగా పోయేదాకా కడగాలి, మిగిలితే రెండు రోజుల్లో ఆకుపచ్చ కిలుము పడుతుంది. బాగా తుడిచి ఆరబెట్టండి. కొత్త మట్టి ప్రమిద అయితే ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైతడి ఆరాక వాడాలి. లేకపోతే పోసిన నూనె సగం అదే తాగేస్తుంది. కింద పళ్లెం పెట్టండి, మట్టిలోంచి నూనె చెమరుస్తుంది.

పొద్దుగుంకే వేళ ఏడాది పొడవునా ఒకటే కాదు. హైదరాబాదులో నవంబరు చివర 5.40కే పొద్దువాలితే, జూలై మొదట్లో 6.55 అవుతుంది. గడియారాన్ని కాక ఆకాశాన్ని చూసి పెట్టే దీపం ఇది, వీలైనంతవరకు అలాగే చేయండి. లండన్ లాంటి చోట జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ పొద్దుగుంకదు. అక్కడివాళ్లు ఒక వేళ నిర్ణయించుకుని అది తప్పకుండా ఉంటే చాలు.

రెండు చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్ల నూనె పోయండి. సుమారు గంట వెలుగుతుంది. ఒకరోజు గడియారం చూసుకుంటే మీ కుంది లెక్క మీకే తెలుస్తుంది. వత్తులను నూనెలో పూర్తిగా తడిపి, అంచు బయటికి 4, 5 మిల్లీమీటర్లే ఉంచాలి. అంతకన్నా పొడుగ్గా ఉంటే ఎక్కువ నూనె ఆవిరవుతుంది, అంతటినీ కాల్చేంత గాలి అందక మసి లేస్తుంది. వెలిగించగానే చిటపటలాడితే కుందిలోనో వత్తిలోనో తడి ఉన్నట్టు. మొదట బాగా వెలిగి అరగంటకు మినుకుమినుకుమంటే, నూనె తగ్గి వత్తి దాన్ని పైకి లాగలేకపోతోంది. కాసిని నూనె పోసి పుల్లతో వత్తి ఎగదోయండి. కొసన నల్లటి మొగ్గ కడితే పుల్లతో రాల్చేయండి. మంట ఊగుతూ ఉంటే ఫ్యాను ఆపండి, కర్టెన్లకు, చీర కొంగుకు అందనంత దూరంగా పెట్టండి.

ఇప్పుడు కూర్చోవడం. ఫోను వేరే గదిలో పెట్టండి, ఆ గదిలో కరెంటు దీపం ఆర్పేయండి. మూరెడు దూరంలో నేలమీదే కూర్చోండి. వచ్చిన శ్లోకమో నామమో మెల్లగా పలకండి, ఏమీ రాకపోతే మౌనంగా ఉండండి. మొదటి వారం పది నిమిషాలు చాలు. చేయవలసిన పనులన్నీ అప్పుడే గుర్తొస్తాయి, రానివ్వండి. లేవకుండా ఉండడమే అక్కడ చేయవలసిన సాధన. ఇంట్లోవాళ్లను బలవంతపెట్టొద్దు. దీపం ఉన్న గదికి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

దీపం కొండెక్కేదాకా మెలకువగా ఇంట్లోనే ఉండాలి. మధ్యలో బయటికి వెళ్లాల్సొస్తే నోటితో ఊదకండి, నీళ్లు అసలే పోయకండి, కాగిన నూనె చిందుతుంది. పుల్లతో వత్తిని నూనెలోకి జార్చితే శాంతంగా కొండెక్కుతుంది. మిగిలిన నూనె నల్లబడకపోతే మర్నాటికి పనికొస్తుంది. నల్లబడితే సింకులో వంపకుండా, వత్తులకు పనికిరాక తీసేసిన దూది ఉండలతో అద్ది తీసేయండి.