పురుడు ఒకచోట, కాపురం ఒకచోట: హెపటైటిస్ బి టీకా తప్పకుండా వేయించడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు కాపురముంటున్న మన ఆడపిల్లలు పురిటికి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోని పుట్టింటికి వెళ్లి, కొన్ని నెలలకు బిడ్డతో తిరిగి వస్తుంటారు కనుక, కాలేయానికి వైరస్ వల్ల వచ్చే జబ్బైన హెపటైటిస్ బి టీకా తొలి మోతాదు ఆంధ్రలోనూ మిగిలినవి ఒడిశాలోనూ పడవచ్చు. జాతీయ టీకాల పట్టిక రెండు రాష్ట్రాలకూ ఒక్కటే కాబట్టి అందులో ఇబ్బంది లేదు. మాతాశిశు రక్షణ కార్డు మాత్రం బిడ్డ వెంటే ఉండాలి.

పుట్టింటికి బయలుదేరేలోగా గర్భిణికి ఈ వైరస్ ఉందో లేదో తెలిపే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష చేయించి, ఆ కాగితాన్ని కార్డులోనే ఉంచండి. వైరస్ ఉన్నట్లు తేలితే, తల్లికి మందు అవసరమా అన్నది వైద్యుణ్ణి అడగాలి. పుట్టిన బిడ్డకు వీలైతే 12 గంటల్లోపే ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధ రక్షణ మందు) పడాలి. ఈ రెండో మందు అన్నిచోట్లా నిల్వ ఉండదు గనుక, అది దొరికే ఆసుపత్రిని నెలలు నిండకముందే చూసుకోవాలి. టీకా వేయించిన బిడ్డకు తల్లి నిశ్చింతగా పాలివ్వవచ్చు.

తల్లికి వైరస్ లేకపోయినా ప్రతి బిడ్డకూ 24 గంటల్లోపు తొలి మోతాదు వేయించాలి. పుట్టుకలోనే వైరస్ సోకిన పిల్లల్లో సుమారు 90 శాతం మందికి అది దీర్ఘకాలం నిలిచిపోతుంది. పెద్దయ్యాక సోకినవారిలో అలా నిలిచేది 5 శాతంలోపే. ఏళ్ల తరబడి ఏ బాధా తెలియనివ్వకుండా ఉండి, చివరికి కాలేయం గట్టిపడటానికో క్యాన్సర్‌కో దారితీసే జబ్బు ఇది. అందుకే ఇంటి పెద్దలకు నా విన్నపం: పురుడు వెళ్లేదాకా పసిగుడ్డుకు సూది వద్దనకండి. బరువు తక్కువన్న కారణంతోనూ ఆపవద్దు.

తర్వాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్‌లో (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) ఈ టీకా కలిసే ఉంటుంది. అత్తవారింటికి చేరగానే ఆశా కార్యకర్తకు కార్డు చూపించి, మమతా దివస్ (ఒడిశాలో ఊళ్లలో తల్లీబిడ్డలకు టీకాలు, వైద్యసేవలు అందించే రోజు) నాడు మిగిలినవి వేయించండి. ఆలస్యమైనా మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, ఆగినచోటి నుంచే కొనసాగిస్తారు. వైరస్ ఉన్న తల్లి బిడ్డకు 9 నెలలు నిండాక రక్తపరీక్ష తప్పనిసరి.

పెద్దల్లో వైరస్ ఉన్నవారి జీవిత భాగస్వామి, కుటుంబ సభ్యులు, ఆసుపత్రి సిబ్బంది, డయాలసిస్ రోగులు, సికిల్ సెల్, తలసీమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునేవారు ముందు పరీక్ష చేయించుకుని, రక్షణ లేదని తేలితే మూడు మోతాదులు తీసుకోవాలి: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. పెద్దలకు భుజం కండరానికే వేయాలి, పిరుదుకు వేస్తే సరిగా పనిచేయదు. డయాలసిస్ రోగులకు మోతాదు ఎక్కువ. వారికీ ఆసుపత్రి సిబ్బందికీ చివరి మోతాదు తర్వాత ఒకటి, రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేసి, రక్షణ వచ్చిందో లేదో చూడాలి.