బ్రిటనీ వేసవి సంగీత ఉత్సవాలకు వెళ్లడం ఎలా?

ఫ్రాన్స్ పటంలో పడమర వైపు అట్లాంటిక్‌లోకి పొడుచుకొచ్చినట్టు కనిపించే ప్రాంతమే బ్రిటనీ. జూలై, ఆగస్టు నెలల్లో అక్కడ ఏ వారం దిగినా ఏదో ఒక ఊళ్లో పాట మోగుతూనే ఉంటుంది. లక్షల మంది వచ్చే రాక్ మైదానాలు ఉన్నాయి, వీధుల్లో బ్యాగ్‌పైప్ ఊరేగింపులు ఉన్నాయి, పంచాయతీ హాల్లో ఊరంతా చేతులు పట్టుకుని ఆడే రాత్రులూ ఉన్నాయి.

వెళ్లాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు చూసేది ఏ గాయకుడు వస్తున్నాడని. నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన విషయం. ఇక్కడ ప్రధాన కచేరీ ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికి రైళ్లుండవు. ఊళ్లు చిన్నవి, హోటల్ గదులు తక్కువ. కాబట్టి ఎక్కడ పడుకుంటాం, ఎలా తిరిగొస్తాం అన్నది తేలాకే టికెట్ కొనండి.

1. ముందు ఉత్సవాన్ని ఎంచుకోండి

అన్నీ ఒకే ట్రిప్‌లో చూసేద్దామనుకోకండి. ఒక పెద్ద ఉత్సవం, ఒక చిన్న ఊరి వేడుక చాలు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది లోరియాం. 1971 నుంచి జరుగుతున్న ఇంటర్‌సెల్టిక్ ఫెస్టివల్ ఈ రేవు పట్టణంలోనే. మామూలుగా ఆగస్టు మొదటి పది రోజులు దీనివే. స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్, స్పెయిన్‌లోని గలీసియా లాంటి సెల్టిక్ ప్రాంతాల నుంచి బృందాలు వస్తాయి. చాలా ఏళ్లు ఒక ప్రాంతాన్ని ముఖ్య అతిథిగా పెట్టుకుంటారు. పెద్ద కచేరీలకు టికెట్ కావాలి కానీ, ఊళ్లో చాలా చోట్ల ఊరికే నిలబడి వినొచ్చు. ఆదివారం ఉదయం జరిగే గ్రాండ్ పరేడ్‌ను మాత్రం వదులుకోవద్దు. గ్యాలరీ సీటుకు డబ్బు కట్టాలి, వీధి పక్కన నిలబడితే అక్కర్లేదు. కాస్త పొద్దున్నే వెళ్లి ముందు వరుసలో చోటు పట్టుకోండి.

ఆ పరేడ్‌లో బ్రిటనీ వాళ్ల బృందాన్ని బగాద్ అంటారు. బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు, వాటి మధ్య బొంబార్డ్ అనే చిన్న వాయిద్యం ఉంటాయి. అది మన సన్నాయికి దూరపు చుట్టం లాంటిది. అదే జంట రెల్లు పీక, ఆరుబయట ఊరంతా వినపడే అదే గట్టి గొంతు. ఊదడానికి ఊపిరి బాగా కావాలి. అందుకే పాత పద్ధతిలో బొంబార్డ్ ఒక చరణం ఊది ఆగుతుంది, పక్కన బినియూ అనే చిన్న బ్యాగ్‌పైప్ రాగాన్ని నిలబెడుతుంది. ఈ మాటామాటా పద్ధతి తెలిస్తే, మొదట్లో ఒకటే రొదలా అనిపించిన సంగీతం నెమ్మదిగా విడివిడిగా వినపడుతుంది. అగ్రశ్రేణి బగాద్‌ల పోటీ రెండు విడతల్లో జరుగుతుంది. చలికాలంలో బ్రెస్ట్ నగరంలో ఒకటి, వేసవిలో లోరియాంలో రెండోది.

లోరియాంకు వెళ్తే మనవాళ్లు చూడాల్సింది ఇంకొకటి ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ కోసం కట్టిన ఊరు ఇది. మచిలీపట్నం, పుదుచ్చేరి, తర్వాత యానాం స్థావరాలతో వ్యాపారం చేసిన కంపెనీ అదే. దాని మ్యూజియం రేవుకు అవతలి ఒడ్డున పోర్ లూయీ కోటలో ఉంది. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టల కథ అక్కడ కనిపిస్తుంది. లోరియాం నుంచి పడవలో వెళ్లొచ్చు. కచేరీలు లేని మధ్యాహ్నం దీనికి కేటాయించండి.

పెద్ద రాక్ ఫెస్టివల్ అనుభవమే కావాలంటే జూలై మధ్యలో కారే ఊళ్లో జరిగే వియే షారూ ఉంది. ఆ పేరుకు పాత నాగళ్లు అని అర్థం. 1992లో దగ్గరి పల్లెలో కొందరు కుర్రాళ్లు సరదాగా మొదలుపెట్టారు. ఆ ఏడాది బ్రెస్ట్‌లో పాత తెరచాప ఓడల జాతర ఆర్భాటంగా జరుగుతుంటే, దానికి వెటకారంగా పెట్టుకున్న పేరు ఇది. ఇప్పుడది ఫ్రాన్స్‌లోనే అతి పెద్ద ఉత్సవాల్లో ఒకటి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2009లో ఇక్కడ పాడాడు. ఇప్పటికీ నడిపేది లాభాపేక్ష లేని సంఘమే, పనిచేసేది వేల మంది వాలంటీర్లు. ఒక్క ఇబ్బంది, ఊరు సముద్రానికి దూరంగా లోపల ఉంటుంది. జనం రెండు లక్షలు దాటుతారు. జనసమ్మర్దం పడనివాళ్లకు ఇది వద్దు.

రకరకాల దేశాల సంగీతం ఇష్టమైతే క్రోజోన్‌లో ఆగస్టు మొదట్లో జరిగే 'ప్రపంచపు అంచు' ఉత్సవం చూడండి. రైలు లేని ద్వీపకల్పం కాబట్టి బ్రెస్ట్ లేదా కెంపేర్ నుంచి బస్సే గతి. కొత్త ఇండీ బ్యాండ్లు కావాలంటే ఆగస్టు మధ్యలో సాన్ మాలో దగ్గర 18వ శతాబ్దపు కోటలో జరిగే రూట్ దు రాక్ మేలు. కెంపేర్ ఊళ్లో జూలైలో జరిగే కోర్నువాయ్ ఉత్సవం 1923 నాటిది. బ్రెటన్ దుస్తులు, నాట్యం చూడాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది. నావికుల పాటల కోసం పేరున్న పాంపోల్ ఉత్సవం రెండేళ్లకోసారే జరుగుతుంది. ఆ ఏడాది ఉందో లేదో ముందే చూసుకోండి.

2. గది, రైలు

పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి బయల్దేరాలి. వేగంగా వెళ్లే టీజీవీలో రెన్ నగరానికి సుమారు గంటన్నర, లోరియాంకు సుమారు మూడు గంటలు, కెంపేర్, బ్రెస్ట్‌లకు మూడున్నర గంటల చిల్లర పడుతుంది. అక్కడి నుంచి చిన్న ఊళ్లకు బ్రేజ్‌గో పేరుతో నడిచే ప్రాంతీయ రైళ్లు, బస్సులు ఉంటాయి. టీజీవీ టికెట్ ధర రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది. ఆగస్టు శనివారాలు మరీ ఘోరం. సెలవులకు ఫ్రాన్స్ అంతా ఆ రోజే కదులుతుంది. మంగళ, బుధవారాల్లో ప్రయాణం పెట్టుకుంటే జేబుకు మంచిది. ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మన విద్యార్థులు 27 ఏళ్ల వరకు వయసున్నవాళ్లయితే యువకుల రాయితీ కార్డు తీసుకోవచ్చు. ఏడాదికి 49 యూరోలు, టికెట్ మీద 30 శాతం తగ్గుతుంది. రానూపోనూ ఒకటి రెండు ప్రయాణాల్లో డబ్బు తిరిగొచ్చేస్తుంది.

గది దొరకడం రైలు కంటే కష్టం. ఉత్సవం జరిగే ఊళ్లో నెలల ముందే నిండిపోతాయి. అలాంటప్పుడు రైలు మార్గం మీదున్న పక్క ఊరిని చూడండి. కానీ ముందు ఆఖరి రైలు ఎన్నింటికో చూసి, ఆ తర్వాతే బుక్ చేయండి. చాలా ఉత్సవాలు రాత్రి షటిల్ బస్సులు నడుపుతాయి. వాటి టైమింగ్స్ ఉత్సవం వెబ్‌సైట్‌లో పెడతారు. టెంట్‌లో పడుకోగలిగితే ఈ టెన్షన్ అంతా తగ్గుతుంది. పెద్ద ఉత్సవాల పక్కనే క్యాంపింగ్ మైదానం ఉంటుంది. నిద్ర మాత్రం ఆశించకండి, తెల్లవారేదాకా ఎవరో ఒకరు గిటార్ వాయిస్తూనే ఉంటారు.

3. టికెట్, వీసా

టికెట్లు ఉత్సవం సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. అయిపోతే వాళ్లు చెప్పిన అధికారిక రీసేల్ పేజీకి వెళ్లండి, సోషల్ మీడియాలో తెలియనివాళ్ల దగ్గర వద్దు. నిర్వాహకుల అనుమతి లేకుండా టికెట్లు తిరిగి అమ్మడాన్ని అలవాటుగా పెట్టుకుంటే ఫ్రాన్స్‌లో అది నేరం.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. చివరి గడువు 15 రోజుల ముందు అని రూల్ ఉన్నా, దాన్ని నమ్ముకోవద్దు. వేసవి అపాయింట్‌మెంట్లు దొరకడమే గగనం. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, దానిమీద దరఖాస్తు తీసుకునే వీసా సెంటర్ సర్వీసు చార్జీ ఉంటుంది. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కడ ఉంటారో చూపించాలి కాబట్టి, టెంట్ పాస్ ఒక్కదాన్నే పట్టుకెళ్లకుండా, రద్దు చేసుకునే వీలున్న గది బుకింగ్ జత చేయడం మేలు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్‌తో ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి లేదు, పాస్‌పోర్ట్, పర్మిట్ వెంట ఉంటే చాలు.

4. బ్యాగ్ సర్దుకోవడం

సముద్రతీరం, వేసవి అనగానే వైజాగ్ ఎండను ఊహించుకోవద్దు. బ్రిటనీలో జూలై మధ్యాహ్నం కూడా చాలా రోజులు 20 నుంచి 24 డిగ్రీల మధ్యే ఉంటుంది, రాత్రి 13, 14కు పడిపోతుంది. ఎండ, జల్లు గంట తేడాతో మారిపోతాయి. టోపీ ఉన్న రెయిన్ జాకెట్, ఒక స్వెటర్, బురదలో నడవగలిగే బూట్లు తప్పనిసరి. గొడుగును చాలా చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు, గాజు సీసాలను కూడా. జూలైలో పొద్దుగుంకేది రాత్రి పదింటికి. అందుకే సాయంత్రం ఏడైనా మిట్టమధ్యాహ్నంలా ఉంటుంది, భోజనం వేళ తెలియకుండా దాటిపోతుంది.

5. మైదానంలో

పెద్ద ఉత్సవాల్లో చేతికి కట్టిన బ్యాండులోనే డబ్బు వేసుకుని ఖర్చుపెట్టే పద్ధతి ఉంటుంది. మిగిలిన డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక గడువు పెడతారు. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటే పోయినట్టే.

చెవుల సంగతి మర్చిపోవద్దు. ఫ్రాన్స్ చట్టం ప్రకారం కచేరీ శబ్దం 15 నిమిషాల సగటున 102 డెసిబెల్స్ దాటకూడదు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ ప్రేక్షకులకు ఉచితంగా ఇవ్వాలి. సిగ్గుపడకుండా అడిగి తీసుకోండి. పిల్లలకు అవి సరిపోవు, చెవులు మొత్తం కప్పే హెడ్‌సెట్ కొనండి.

తిండి విషయంలో శాకాహారులకు బ్రిటనీ కాస్త నయం. నల్ల గోధుమ అని వాళ్లు పిలిచే బక్‌వీట్ పిండితో వేసే పల్చటి గాలెట్ ప్రతి స్టాల్‌లో ఉంటుంది. మామూలుగా ఇచ్చే 'కంప్లీట్'లో గుడ్డు, చీజ్‌తో పాటు పంది మాంసం కూడా ఉంటుంది. 'సాన్ జాంబో' అంటే అది లేకుండా వేస్తారు. పెనానికి కొన్ని చోట్ల పంది కొవ్వు రాస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు వెన్నతో వేయమని అడగండి. వెన్న, పంచదార పొరలుపొరలుగా వేసి కాల్చే క్విన్ అమన్ ఒక్క ముక్క తిన్నా ఆ పూట గడిచిపోతుంది. ఆపిళ్లతో చేసే సీదర్ అనే పానీయం రసంలా తియ్యగా ఉన్నా అందులో మద్యం ఉంటుంది.

6. ఒక రాత్రి ఫెస్ట్ నోజ్‌కు

పెద్ద వేదికలు ఏ దేశంలో చూసినా ఒకేలా ఉంటాయి. బ్రిటనీకే వెళ్లి చూడాల్సింది ఫెస్ట్ నోజ్, అంటే ఊరంతా కలిసి రాత్రిపూట ఆడే నాట్య వేడుక. 1950లలో లోయిజ్ రోపార్స్ లాంటివాళ్లు పల్లె నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారు, 2012లో ఫెస్ట్ నోజ్ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఏ ఊళ్లో ఏ రోజు ఉందో తమ్ క్రైజ్ అనే వెబ్‌సైట్ చూస్తే తెలుస్తుంది. ప్రవేశం సాధారణంగా పది యూరోల లోపే. రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో మొదలవుతుంది, చాలావరకు బస్సు అందని పల్లెల్లో జరుగుతుంది కాబట్టి కారున్న స్నేహితుడిని వెంటబెట్టుకోండి.

డ్యాన్స్ రాదని గోడకు ఆనుకుని కూర్చోకండి. ఇక్కడ ప్రేక్షకులకు వేరే చోటు ఉండదు. మొదటి రెండు పాటలు కాళ్లనే గమనించండి. 'ఆన్ ద్రో' అనే నాట్యం మొదలైతే అదే మీకు అదను, అన్నిటికంటే సులువు. చిటికెన వేళ్లు పట్టుకుని, చేతులు గుండ్రంగా తిప్పుతూ, గొలుసంతా ఎడమ వైపుకు జరుగుతుంది. గవొట్, ప్లిన్ లాంటివి వేగం ఎక్కువ, ఇంకో రోజుకు ఉంచుకోండి. కొన్ని పాటలకు వాయిద్యాలే ఉండవు. ఇద్దరు గాయకులు ఒకరి పాదం చివరి మాటలను ఇంకొకరు అందుకుంటూ పాడతారు. ఆ సందు లేని పాటకే కాళ్లు కదులుతాయి.

చేరేటప్పుడు ఒక మర్యాద ఉంది. గొలుసులో ఎడమ కొసన ఉన్న మనిషే దారి చూపిస్తాడు, అతని ముందుకు ఎప్పుడూ వెళ్లకూడదు. తోకలో చేరండి, లేదా మధ్యలో ఇద్దరిని చూసి తలూపితే వాళ్లే వేళ్లు విడదీసి చోటిస్తారు. అలసిపోతే పాట మధ్యలోనే బయటికి వచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కాకపోతే మీ రెండు పక్కలవాళ్ల చేతులు ఒకదానికొకటి అందించి తప్పుకోవాలి.