ఊరి అమరవీరుణ్ణి ఏటా స్మరించుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో సైనికుల స్మృతికి పేరుపడిన ఊరు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ సిపాయిలను పంపి, జనం నోట మిలిటరీ మాధవరంగా స్థిరపడిన ఆ ఊళ్లో వారి పేరిట స్తూపం ఉంది. తక్కిన ఊళ్లలో అమరులు ఒకరో ఇద్దరో ఉంటారు. వారిని తలచుకోవడం పంద్రాగస్టు నాడు కట్టే ఫ్లెక్సీతో సరిపోతుంది, అందులోనూ నాయకుల ఫోటోలే పెద్దవిగా కనిపిస్తాయి. పద్ధతిగా చేయదలచిన పంచాయతీ పెద్దలకు, ఉపాధ్యాయులకు, యువజన సంఘాలకు ఈ సూచనలు ఉపయోగపడవచ్చు.

ముందుగా కుటుంబాన్ని కలవాలి. తేదీ, చోటు, ఫోటో అన్నీ వారి అంగీకారంతోనే నిర్ణయించాలి. కొడుకును పోగొట్టుకున్న తల్లిని ఏటా వేదిక ఎక్కించి నాలుగు మాటలు చెప్పమనడం గౌరవం అనిపించుకోదు. ఆమె మాట్లాడతానంటే మైకు ఇవ్వాలి, లేదంటే ముందు వరుసలో కూర్చోబెట్టి, ఉపన్యాసాలు తగ్గించుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడవలసింది వివరాల దగ్గర. రాతి మీద చెక్కిన తప్పు తరతరాలు నిలిచిపోతుంది కాబట్టి పేరు, సర్వీసు నంబరు, హోదా, రెజిమెంటు, మరణించిన తేదీ, స్థలం అనే ఆరింటినీ ఇంట్లో ఉన్న సైనిక పత్రాలతో సరిచూసి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మరోసారి నిర్ధారించుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 74,000 మంది భారతీయ సైనికులు చనిపోయారు. సమాధి తెలియని వారు ఎందరో ఉన్నారు, వారి పేర్లు ఫ్రాన్సులోని న్యూవ్ షపెల్ వంటి స్మారకాల మీద ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల వివరాలను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఇంటర్నెట్‌లో ఉంచింది. అక్కడ వెతికేటప్పుడు ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, అసలు లేకుండా మరోసారి ప్రయత్నించాలి. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రూపాలు ఎత్తుతాయో మనకు తెలియనిది కాదు. స్వాతంత్ర్యం తరువాత అమరులైన వారికైతే 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. అక్కడి గోడల మీద 25,000కు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి.

విగ్రహం కంటే శిలాఫలకమే మేలని నా అభిప్రాయం. పోలిక కుదరని సిమెంటు బొమ్మను చూసి ఆ ఇంటివారు బాధపడడం తప్ప దానివల్ల ప్రయోజనం ఉండదు. పైగా రోడ్ల మీద, కూడళ్లలో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. పాఠశాల ఆవరణను గాని, పంచాయతీ కార్యాలయ ఆవరణను గాని ఎంచుకుని పంచాయతీ తీర్మానం చేయించాలి. డెల్టా బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది గనుక పునాది లోతుగా తీసి, అరుగును వరద నీరు అందనంత ఎత్తున కట్టి, అక్షరాలను పెయింటుతో రాయించకుండా గ్రానైటులో చెక్కించాలి.

ఆ సైనికుడు కన్నుమూసిన తేదీయే స్మరణకు తగిన రోజు. అది తెలియనప్పుడు జులై 26న కార్గిల్ విజయ దినాన్ని గాని, 1971 యుద్ధ విజయానికి గుర్తైన డిసెంబరు 16ను గాని తీసుకోవచ్చు. అయితే మొదటిది నాట్ల కాలం, రెండవది నూర్పుల కాలం. కూలి మానుకుని రమ్మనకుండా సాయంత్రం పూట పెట్టుకోవాలి. జులైలోనైతే వానకు తడవని బడి వరండా చూసుకోవాలి.

ఆవిష్కరణ రోజున ఫలకానికి జాతీయ జెండా కప్పడం చాలాచోట్ల కనిపిస్తుంది. స్మారకాలకూ విగ్రహాలకూ జెండాను ముసుగుగా వాడడం 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి సాదా తెల్లబట్ట వాడాలి. జెండా నేలకు తగలకూడదు, కర్రపైన పూలదండలు వేయకూడదు. పుష్పగుచ్ఛం ఉంచి రెండు నిమిషాలు మౌనం పాటించి, ఆ సైనికుడి జీవితాన్ని ఒక విద్యార్థి చేత చదివిస్తే కార్యక్రమం అరగంటలో ముగుస్తుంది.

స్వేచ్ఛ గురించి పిల్లలకు చెప్పేటప్పుడు రాజ్యాంగం 33వ అధికరణాన్ని ప్రస్తావించాలి. సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారం దాని వల్లనే పార్లమెంటుకు వచ్చింది. సంఘం పెట్టుకోవడం, రాజకీయ సభలకు వెళ్లడం, పత్రికలతో మాట్లాడడం మనకు మామూలు విషయాలు. 1950 సైనిక చట్టం కింద సిపాయికి వాటిపై ఆంక్షలు ఉంటాయి. తాను పూర్తిగా అనుభవించలేని హక్కులకు కాపలా కాసిన మనిషిని తలచుకున్న ఊళ్లో గ్రామసభకు కోరం లేకపోవడం, డబ్బు తీసుకుని ఓటు వేయడం ఎంత అసంగతమో ఆ సందర్భంలోనే నిర్మొహమాటంగా చెప్పవచ్చు.

చందాలు వసూలు చేయదలిస్తే 1949 నుంచి డిసెంబరు 7న జరుగుతున్న సాయుధ దళాల పతాక దినోత్సవాన్ని ఉపయోగించుకుని, సొమ్మును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి చెల్లించి రసీదు తీసుకోవాలి. ఫలకం శుభ్రత ఎవరి బాధ్యతో, అక్షరాల మరమ్మతు ఖర్చు ఏ పద్దు నుంచి వస్తుందో కూడా మొదటి తీర్మానంలోనే రాయించాలి.