బయోటెక్నాలజీ ల్యాబ్‌లో చేయి తిరగాలంటే ఏం చేయాలి?

బైపీసీ చదివి, మెడికల్ సీటు రాక, "సరే, బయోటెక్ అయినా చేద్దాం" అని డిగ్రీలో చేరేవాళ్లు మన గుంటూరు, బెజవాడల్లో ఏటా కనిపిస్తారు. నేనూ అలా చేరినవాణ్ణే. థియరీ బాగానే ఒంటబట్టింది. మొదటి ప్రాక్టికల్ పరీక్షలో ప్రోటీన్ ఎస్టిమేషన్, అంటే ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలవడం, ఇచ్చారు. గీతలాగా తిన్నగా రావాల్సిన గ్రాఫ్ ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణ పాయల్లా అటూ ఇటూ పోయింది. రసాయనాలు పాడయ్యాయని బుకాయించాను కానీ తప్పు నా బొటనవేలిది. ఎనిమిది మందికి ఒక్క పైపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఉన్న బ్యాచ్‌లో అది చేతికి వచ్చేదే ఎప్పుడో ఒకసారి. ఇది పుస్తకం కన్నా ఎక్కువగా చేతి పని అని అప్పుడే తెలిసింది. ఆ పని ఎలా పట్టుబడుతుందో చెబుతాను.

చేరే ముందు: ల్యాబ్ చూడండి

గుంటూరు వైపు డిగ్రీ కాలేజీలు ఎక్కువగా ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కింద, బెజవాడ వైపువి మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం కింద ఉంటాయి. అనుబంధం ఏదైనా ముందు ల్యాబ్ చూపించమని అడగండి. బ్రోషర్‌లో మెషీన్ల ఫొటోలు అందరికీ ఉంటాయి. మీరు చూడాల్సింది వాటిమీది కవర్లు. కవరు మీద దుమ్ము పేరుకుని ఉంటే ఆ మెషీన్ ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప తెరవరని అర్థం. సింకు దగ్గర తడిసిన టెస్ట్ ట్యూబులు, వాటి మీద పెన్నుతో రాసిన పేర్లు కనిపిస్తే మంచి సూచన. సీనియర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఒక బ్యాచ్‌లో ఎంతమంది, పైపెట్లు ఎన్ని?" అధ్యాపకుల డిగ్రీల గురించి తర్వాత అడగొచ్చు.

మొదటి నెల: పైపెట్ ఒక్కటే

మైక్రోపైపెట్ మీటను నొక్కితే రెండు చోట్ల ఆగుతుంది. మొదటి ఆగుదల మీరు పెట్టిన కొలత. రెండోది చివరి బొట్టును కూడా బయటికి ఊదేయడానికి. నా గ్రాఫ్ చెడింది ఇక్కడే: ద్రవం తీసుకునేటప్పుడే రెండోదాకా నొక్కేవాణ్ణి, కాబట్టి ప్రతిసారీ కొలత కన్నా ఎక్కువ వచ్చేది.

సరైన వరుస ఇది. గాల్లో ఉండగానే మొదటి ఆగుదల దాకా నొక్కి పట్టుకోండి. పైపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ టిప్ కొసను రెండు మూడు మిల్లీమీటర్లే ముంచండి. బొటనవేలిని మెల్లగా వదలండి. చటుక్కున వదిలితే గాలి బుడగ ఎక్కుతుంది. ఒక క్షణం ఆగి పైకి తీయండి. వదిలేటప్పుడు కొసను ట్యూబు గోడకు ఆనించి మొదటి ఆగుదల, ఆ వెంటనే రెండోది. టిప్‌లో ద్రవం ఉండగా పైపెట్‌ను బల్ల మీద పడుకోబెడితే అది లోపలికి పోతుంది. ల్యాబ్ అటెండర్ తిట్లు ఉచితం.

ఇప్పుడు అభ్యాసం. త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేయండి. 100 మైక్రోలీటర్ల నీళ్లు వేస్తే 0.1 గ్రాము చూపాలి. పదిసార్లు వేసి పది అంకెలూ రాసుకోండి. మొదటి రోజు 0.091, 0.108 అని గంతులేస్తాయి. తేడా 0.002 లోపలికి వచ్చేదాకా రోజూ పావుగంట చేయండి. నీళ్లకు ఖర్చు లేదు, సార్ అనుమతి ఉంటే చాలు. పైన ఫ్యాను ఆపండి, లేకపోతే త్రాసు నిలకడగా నిలబడదు.

లెక్క: ఒకే సూత్రం, వంద చోట్ల

సి1వి1 = సి2వి2. సి అంటే గాఢత, వి అంటే పరిమాణం. ఇంటర్‌లో కెమిస్ట్రీలో వచ్చిందే. 50ఎక్స్ టీఏఈ బఫర్ (జెల్ పనికి వాడే, యాభై రెట్లు చిక్కటి ద్రావణం) నుంచి 500 మిల్లీలీటర్ల 1ఎక్స్ కావాలంటే 10 మిల్లీలీటర్ల బఫర్, 490 నీళ్లు. బల్లలు తుడిచే 70 శాతం ఆల్కహాల్‌లో మాత్రం ఒక మెలిక ఉంది. 95 శాతం ఆల్కహాల్ దాదాపు 74 మిల్లీలీటర్లు తీసుకుని, నీళ్లతో 100 మార్కు దాకా నింపాలి. 26 మిల్లీలీటర్ల నీళ్లు విడిగా కొలిచి కలిపితే 100 రాదు, ఆల్కహాల్, నీళ్లు కలిసినప్పుడు పరిమాణం కాస్త తగ్గుతుంది. వైవాలో ఈ ఒక్క మాట చెప్పండి, ఎక్స్‌టర్నల్ తలెత్తి చూస్తారు.

శుభ్రత

పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నలుపుకున్న గుంటూరు మనిషికి కంటామినేషన్ అంటే వేరే పాఠం అక్కర్లేదు. కంటికి కనిపించనిది వేళ్ల మీద ఉంది, అది ఎక్కడ తాకితే అక్కడికి పోతుంది. గ్లవ్స్ వేసుకుని ఫోన్ ఎత్తేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ మిరపకాయే గుర్తొస్తుంది.

సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవ్ అంటే పెద్ద ప్రెషర్ కుక్కరే: 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు, 15 నిమిషాలు. ఆ 15 నిమిషాలు ఒత్తిడి పూర్తిగా ఎక్కాక మొదలవుతాయి, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు. సీసా మూత కాస్త వదులుగా ఉంచాలి. బ్యాక్టీరియాను పెంచే జెల్లీ అయిన అగార్‌ను 50 డిగ్రీల దగ్గర ప్లేట్లలో పోయాలి. సీసా చేతి వెనకవైపు ఆనిస్తే వేడి ఓర్చుకోగలిగితే అదే సమయం. ఇంకా ఆలస్యం చేస్తే పెరుగు గడ్డల్లా పడుతుంది. గడ్డకట్టాక ప్లేటు బోర్లించండి, మూతకు పట్టిన చెమట కాలనీల మీద పడకుండా. పేరు, తేదీ మూత మీద కాదు, అడుగున రాయండి, మూతలు తారుమారవుతాయి.

బెజవాడ మే నెలలో మంట దగ్గర ఫ్యాను ఆపి పనిచేయడం నిజంగా శిక్షే. అయినా ఆపాల్సిందే, గాలితోపాటు గదిలోని బూజు అంతా మీ ప్లేట్లో దిగుతుంది. ఆ ఎండల్లో ఈ.కోలై బ్యాక్టీరియా ప్లేటును బల్ల మీద మరిచిపోతే ఇంక్యుబేటర్‌తో పనిలేకుండానే పెరుగుతుంది. దానికి కావాల్సింది 37 డిగ్రీలే కదా. పెరిగిన ప్లేటు మూత తీసి వాసన చూడొద్దు, ఆటోక్లేవ్ చేయకుండా పారేయొద్దు.

ఇంటి పెరుగుతో గ్రామ్ స్టెయినింగ్

గ్రామ్ స్టెయినింగ్ అంటే రంగులు వేసి బ్యాక్టీరియాను ఊదా, గులాబీ అని రెండు రకాలుగా గుర్తించడం. చుక్క పెరుగును నీళ్లలో పలచన చేసి స్లైడ్ మీద పలచగా పరిచి, ఆరనిచ్చి, మంట మీదుగా రెండు మూడుసార్లు తిప్పండి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, తర్వాత ఆల్కహాల్, చివర సాఫ్రనిన్. మధ్యలో నీళ్లతో కడగాలి. అంతా ఆల్కహాల్ దగ్గరే ఉంది. పదీ పదిహేను సెకన్లు చాలు. ఎక్కువసేపు పోస్తే ఊదారంగులో ఉండాల్సిన పెరుగు బ్యాక్టీరియా కూడా గులాబీగా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. పెరుగులో గులాబీ కడ్డీలు నిండా కనిపిస్తే ముందు మీ చేతిని అనుమానించండి, తర్వాతే పాలవాణ్ణి.

కరెంటుతో డీఎన్ఏ ముక్కలను జెల్లో వేరుచేసే జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ గురించి రెండే మాటలు: డీఎన్ఏ ఎర్ర వైరు వైపు పోతుంది, కాబట్టి డీఎన్ఏ పోసే బావులు నల్ల వైరు వైపు ఉండాలి. డీఎన్ఏ కనిపించడానికి వాడే రంగు ఇథిడియం బ్రోమైడ్‌ను గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

రాయడం: వచ్చిందే రాయండి

సీనియర్ రికార్డు చూసి అంకెలు దించడం మనకు ఆచారం. రికార్డు ఎలాగూ అందంగా రాస్తారు, కానీ అబ్జర్వేషన్ పుస్తకంలో మాత్రం పెన్నుతో, బల్ల దగ్గరే, వచ్చింది వచ్చినట్టు రాయండి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన, ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని మీరూ చేస్తారు, నీలిరంగు వస్తుంది. కండరాల ద్రవంతో చేసినప్పుడు ఆ రంగు రావాల్సినంత వేగంగా రాలేదు. ప్రయోగం చెడిందని వాళ్లు దాన్ని కొట్టేయలేదు. ఎందుకు ఆలస్యమైందని వెతికితే కండరాల్లో శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, అది 1927లో. మన రికార్డులో అయితే ఆ ఆలస్యాన్ని దిద్దేసి "ఫలితం సరిగా వచ్చింది" అని రాసేవాళ్లం.

వేసవి సెలవులు

రెండో ఏడాది ఫిబ్రవరిలోనే హెచ్‌ఓడీ సంతకంతో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి. గుంటూరు పక్కన లాం ఫారంలో వ్యవసాయ పరిశోధన జరుగుతుంది, మిరప, పత్తి మన నేల పంటలే. యూనివర్సిటీ విభాగాలను, ఆసుపత్రుల డయాగ్నస్టిక్ ల్యాబ్‌లను కూడా అడగండి. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు ఉంది, దానికి చదువు వేరే దారి. కానీ ల్యాబ్‌లోకి పిలిచినవాళ్లు ముందు అడిగేది "ఏం చేయగలవు?" అనే. మార్కుల జాబితా పక్కన పెట్టి, ఆ పది పది అంకెలు రాసుకున్న అబ్జర్వేషన్ పుస్తకం తీసి ముందు పెట్టండి, ఊదారంగు మరకలతో సహా.