సీఎన్‌జీ పని నేర్చుకుందాం – 4: వాల్వ్ కట్టేశాక పైపులో ఏముంది?

పోయిన పాఠంలో ఒక్క ముక్కలో తేల్చేశాను: సిలిండర్ వాల్వ్ కట్టేసి, ఇంజిన్ ఆగేదాకా నడిపితే పైపు ఖాళీ అవుతుందని. ఇంజిన్ అసలు ఆగడమే లేదని చాలామంది రాశారు. ఒకరైతే కాసేపు నడిపి, ఖాళీ అయ్యే ఉంటుందని పైపు జాయింటు నట్ వదులు చేశారు. బుస్సుమని గ్యాస్ తన్నింది. చేతికి దెబ్బ తగల్లేదు, అదే ఊరట. పెట్రోల్ సంగతి చెప్పకపోవడం నా తప్పు.

పెట్రోల్‌తో కూడా నడిచే బండిలో గ్యాస్ ప్రెషర్ తగ్గగానే ఇంజిన్ తనంతట తనే పెట్రోల్‌కి మారిపోతుంది. అందుకే ఆగదు. పైపులో కొంత గ్యాస్ మిగిలే ఉంటుంది. ఇంతకంటే మోసం ఇంకోటుంది. చాలా బళ్లలో చల్లటి ఇంజిన్ ముందు పెట్రోల్‌తోనే స్టార్టయి, వేడెక్కాకే గ్యాస్‌కి వస్తుంది. వాల్వ్ కట్టేసి అయిదు నిమిషాలు నడిపారనుకోండి, ఆ అయిదు నిమిషాలూ పెట్రోలే కాలి ఉండొచ్చు. నిండు సిలిండరైతే పైపులో 200 బార్ ప్రెషర్ చెక్కు చెదరకుండా ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు.

కాబట్టి ముందు వేడెక్కనివ్వండి. గ్యాస్ మీద నడుస్తోందని గ్యాస్-పెట్రోల్ మార్చే స్విచ్ దగ్గర చూసుకుని, అప్పుడు వాల్వ్ కట్టండి. పెట్రోల్‌కి మారగానే ఆపేసి, బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. తాళంచెవి నేనైతే జేబులో వేసుకుంటాను, ఎవరూ స్టార్ట్ చేయలేరు. స్విచ్ మీది లైట్లు ఆరిపోయాయి కదా అని పైపు ఖాళీ అనుకోవద్దు. నట్‌ని పావు చుట్టు మాత్రమే వదలండి, ముఖం పక్కకి పెట్టి, కళ్లద్దాలతో. బుస పూర్తిగా ఆగేదాకా స్పానర్ కదపకండి. నట్ మీద తెల్లగా మంచు పేరుకుంటే కంగారు వద్దు, ప్రెషర్ పడేటప్పుడు గ్యాస్ చల్లబడుతుంది. వట్టి చేత్తో మాత్రం తాకకండి.

ఇదంతా ఆరుబయటే. సీఎన్‌జీ అంటే ఎక్కువగా మీథేనే, అది గాలికన్నా తేలిక, షెడ్డులో అయితే పైకప్పు కింద చేరుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం కలిస్తే పైనున్న లైటు స్విచ్ నిప్పురవ్వ చాలు. బీడీ, అగ్గిపెట్టె సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అభ్యాసం: స్పానర్ ముట్టకుండా సిలిండర్ నుంచి రెగ్యులేటర్ (గ్యాస్ ప్రెషర్ తగ్గించేది) దాకా పైపు దారంతా గీయండి, ప్రతి జాయింటుతో సహా. గ్యాస్ నింపే నాజిల్ వైపు కొమ్మను చాలామంది మరిచిపోతారు. ఆ బొమ్మ మీద మూడు రంగుల్లో ప్రెషర్ ఎక్కడెక్కడ ఉందో గుర్తించండి: ఇగ్నిషన్ ఆపి వాల్వ్ తెరిచి ఉన్నప్పుడు, వాల్వ్ కట్టిన మరుక్షణం, ఇంజిన్ పెట్రోల్‌కి మారాక. మూడో రంగు ఎక్కడా పడలేదంటే మళ్లీ మొదటి నుంచి గీయండి.